సొంతూళ్లో కాపురం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లె. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇప్పుడు ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చన్నారు. నాన్నగారు పోయాక ఆరేళ్లుగా తాళం వేసి ఉన్న పెంకుటిల్లు బాగు చేయించి వెళ్లిపోదామని ఉంది. ఇక్కడి ఫ్లాట్ అమ్మేయవచ్చా? ముందుగా ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఫ్లాట్ ఇప్పుడే అమ్మకండి, ఏడాదికి అద్దెకివ్వండి. సంక్రాంతికి చూసే ఊరు వేరు, ఏడాది పొడుగునా ఉండే ఊరు వేరు. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. 1996 నవంబరు 6 నాటి తుపాను ఎన్ని కొబ్బరితోటల్ని నేలకూల్చిందో మీ ఊరి పెద్దల్ని అడగండి. ఈ మూడు కాలాలూ ఆ ఇంట్లో గడిపాక అమ్మకం మాట ఎత్తండి.

ఇంటి మీద రూపాయి పెట్టే ముందు కాగితాలు తేల్చుకోవాలి. ఇల్లు నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే అమ్మగారికీ, అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్లకీ సమాన వాటా. అక్క ‘నాకేమీ వద్దురా’ అన్న మాట ప్రేమతో అన్నదే కావచ్చు, కాగితం మాత్రం కాదు. భాగపరిష్కారమో, హక్కు విడుదల దస్తావేజో రిజిస్టరు చేయించాకే మేస్త్రిని పిలవండి. ఎనిమిది లక్షలు పెట్టి బాగు చేశాక పంపకాలకు కూర్చుంటే, ఆ ఖర్చు ఎవరి లెక్కలో వేయాలన్న దగ్గరే తగువు మొదలవుతుంది. ఇల్లు గ్రామకంఠంలో (ఊరివాళ్ల ఇళ్ల కోసం వదిలిన ఉమ్మడి స్థలంలో) ఉంటే పాత దస్తావేజు దొరకకపోవచ్చు. ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఎంత పాతవైతే అంత బలం. పారేయకండి.

ఇక ఇల్లు. పెంకులు పగిలిన చోటు పైకి కనిపిస్తుంది. చేటు చేసేది వాసాలు గోడ మీద కూర్చునే చోట పట్టిన చెద. ప్రతి వాసం చివరా స్క్రూడ్రైవరుతో గుచ్చించండి. అర అంగుళం మెత్తగా దిగితే ఆ వాసం మార్చాల్సిందే. పాత గోడలు సున్నంతో కట్టినవైతే సిమెంటు పూత పూయించకండి. గోడలోని చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత పెచ్చులుగా ఊడిపోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమే, అయినా వెతకండి. వైరింగు మొత్తం కొత్తది వేయించి, కొత్త ఎర్తు గుంత తీయించి, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి. చెమ్మ గోడల ఇళ్లలో షాకుల నుంచి కాపాడేది అదే.

మూతపడి ఉన్న నూతిలోకి ఎవరినీ దిగనివ్వకండి. అడుగున గాలి ఆడక, విషవాయువు పేరుకుని మనుషులు ప్రాణాలు పోగొట్టుకుంటారు. పడినవాణ్ణి తీద్దామని దిగినవాళ్లూ పోతారు. దీపం దింపి చూడటం పూర్తి భరోసా కాదు. పై నుంచే మోటారుతో తోడించండి. పూడిక తీయడానికి మనిషి దిగక తప్పకపోతే ఆ పనే చేసేవాళ్లను, గాలి కొట్టే బ్లోయరుతో, నడుముకు తాడుతో దింపాలి.

కొత్త నీళ్లు ఊరాక వెయ్యి లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, ఒక రోజు ఉంచి, వాసన పోయేదాకా తోడి పారబోయండి. ఆ తర్వాత మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. అయిదడుగుల వెడల్పు నూతిలో పదడుగుల నీళ్లుంటే సుమారు 5,560 లీటర్లు, అంటే 14 గ్రాములు. పొడిని బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రమే నూతిలో పోయాలి. కనీసం గంట ఆగి వాడుకోవాలి. సముద్రానికి దగ్గరైన ఊళ్లలో నీటికి ఉప్పదనం ఉంటుంది కనుక పరీక్ష చేయించండి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే దానికోసం ఆర్వో ఫిల్టరు అక్కర్లేదు.

నెట్ సంగతి పగలు కాదు, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య చూడండి. ఊరంతా అప్పుడే వాడుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టరు పెడితే ఒక ఫ్యాను, లాప్‌టాపు, రౌటరు, రెండు లైట్లు ఏడెనిమిది గంటలు నడుస్తాయి. కాని మీ ఇంట్లో కరెంటున్నా ఊళ్లో కేబుల్ ఆపరేటరు పరికరానికి లేకపోతే నెట్ రాదు. అతని దగ్గర ఎన్ని గంటల బ్యాకప్ ఉందో అడిగాకే కనెక్షన్ తీసుకోండి. వేరే కంపెనీ సిమ్ము ఒకటి చేతిలో ఉంచుకోండి. కొబ్బరి మట్ట పడి తీగ తెగడం అక్కడ మామూలే.

ఇంత జాగ్రత్త చెప్పింది వెళ్లొద్దని కాదు. కాలవగట్టు మీద పొద్దున నడక, చెట్టు నుంచి దింపిన బొండం, తలుపు తీయడం ఆలస్యమైతే ‘ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా’ అని పిలిచే పక్కింటి పిన్ని: ఇవన్నీ నిజమే, వీటికోసం వెళ్లడం న్యాయమే.

ప్రశ్న: మావారు తమ ఊరు వెళ్లిపోదామంటున్నారు. ఆయన ఆనందం చూస్తే కాదనబుద్ధి కావడం లేదు. కానీ అది ఆయన సొంతూరు, నాది కాదు. నేనూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. నా భయం అర్థం లేనిదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పూర్తిగా అర్థమున్నదే. అదే వీధిలో ఆయన చిన్ననాటి స్నేహితుడి అరుగు మీద కూర్చుంటారు, మీరు ‘ఫలానావాళ్ల కోడలు’గా ఉంటారు. పక్కింటి పిన్ని ఆప్యాయతే మీ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికెళ్తున్నావు, ఎందుకెళ్తున్నావు అన్న ఆరా అవుతుంది. రెంటినీ విడదీయలేరు.

వెళ్లే ముందే కొన్ని మాటలు గట్టిగా అనుకోండి. మీ పనిగది వీధి వసారాకు దూరంగా, తలుపు లోపల గడియ పెట్టుకునేలా ఉండాలి. వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చే బాధ్యత పని వేళల్లో మీవారిది. స్కూటీ మీ పేరన ఉండాలి, ఎవరినీ అడగకుండా దగ్గరి పట్నానికి వెళ్లి రాగలగాలి. ఏడాదికి ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజు ఇద్దరిలో ఎవరు ‘వద్దు’ అన్నా వెనక్కి రావాలి. ఈ ఆఖరి మాటకు ఆయన ఒప్పుకోకపోతే సామాను సర్దకండి.

డబ్బు విషయం కూడా. పట్నం నుంచి వచ్చినవాళ్లంటే అప్పు అడిగేవాళ్లు తొలి నెలలోనే వస్తారు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు చదివింపులు మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో వరసపెట్టి ఉంటాయి. వాటికి నెలనెలా విడిగా కొంత తీసిపెట్టండి. అప్పు ఇవ్వదలచుకోకపోతే మొదటి మనిషికే మర్యాదగా చెప్పేయండి. ఒకరికిచ్చి ఇంకొకరికి లేదంటే అది చాలాకాలం మాటగా మిగులుతుంది.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై రెండేళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. ఊరు వదిలి రానంటోంది. ఏం ఏర్పాట్లు చేయాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆవిణ్ణి బలవంతంగా కదిలించకండి. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. కాబట్టి స్కానింగు, ఆ ఇంజెక్షన్ రెండూ ఇరవై నాలుగు గంటలూ ఉండే ఆసుపత్రి ఎంత దూరమో, రాత్రి రెండింటికి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో ముందే కనుక్కోండి. 108 అంబులెన్సుతో పాటు ఊళ్లో ఒక కారు డ్రైవరుతో మాట్లాడి ఉంచండి. మందుల చీటీ, పాత ఈసీజీ కాపీ, మీ ఫోన్ నంబరు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి తలుపు వెనక మేకుకు తగిలించి, ఆ సంగతి పక్కింటివాళ్లకు చెప్పండి. ఇన్సులిన్ వాడుతుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజరులో గడ్డకడితే పనికిరాదు.