కంప్యూటరుకు తాళం వేయబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, సీతమ్మధార నుంచి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పిల్లలిద్దరూ నీ ఆఫీసు మెయిళ్లలోకి దూరి ఎవరికో ఏనుగు బొమ్మలు పంపించారనీ, అందువల్ల నువ్వు ఇంట్లో కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. పిల్లల మీద చెయ్యి చేసుకోకుండా, కంప్యూటరును అటకెక్కించకుండా ఉపాయం ఆలోచించినందుకు గర్వపడ్డాను. కానీ మన ఇంట్లో పాస్‌వర్డు పెట్టిన చరిత్ర తెలిసినవాణ్ణి కనుక భయం కూడా వేసింది. ఫోనులో చెబితే పనిలో పడి మరచిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

పిల్లల పేర్లు, పుట్టినరోజులు, కారు నంబరు పాస్‌వర్డుగా పనికిరావు. ఫోనుకు పెట్టిన అంకెలు అసలే వద్దు. అవి నీ కొడుక్కి నీకంటే బాగా తెలుసు. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ విండోస్ మీటతో పాటు ఎల్ మీట నొక్కితే తెర మూసుకుంటుంది, అది అలవాటు చేసుకో.

పిల్లలకు వేరే ఖాతా తెరువు. నీ ఖాతా అన్ని అధికారాలూ ఉన్న అడ్మినిస్ట్రేటరుగా, వాళ్లది మామూలు వాడకానికి సరిపోయే స్టాండర్డు ఖాతాగా ఉంటే, కంప్యూటరు మొత్తానికి వర్తించే మార్పు ఏది చేయబోయినా అది నీ పాస్‌వర్డు అడుగుతుంది, నీ ఫైళ్లు కూడా వాళ్ల కంటపడవు. పిల్లల వాడకాన్ని పెద్దలు అదుపు చేసే మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో వాళ్లను చేరిస్తే రోజుకు ఎంతసేపు వాడవచ్చో కూడా నిర్ణయించవచ్చు. తనకంటూ ఒక చోటు ఉన్న పిల్లవాడు నీ గది తలుపు అంతగా తట్టడు.

ఇక మీ నాన్న సంగతి. అప్పట్లో నువ్వు మూడో తరగతి కనుక నీకు పూర్తిగా తెలియదు. 2003లో ఉక్కునగరం క్వార్టర్సులో ఉండగా వాడు వాయిదాల మీద కంప్యూటరు కొన్నాడు. నువ్వు స్టూలెక్కి పెయింటులో గీతలు గీయడంతో ఆగక, వాడి లెక్కల ఫైళ్లను రీసైకిల్ బిన్‌లో పడేసేదానివి. వాడు నీ పేరునే పాస్‌వర్డుగా పెడితే మర్నాటికే కనిపెట్టావు. మార్చితే, వెనకాల నిలబడి వేళ్లు చూసి అదీ కనిపెట్టావు. చివరకు వాడు పంతానికి పోయి, ఒక రాత్రి నువ్వు నిద్రపోయాక చాంతాడంత పాస్‌వర్డు పెట్టి, కాగితం మీద రాస్తే నువ్వు చదివేస్తావని ఎక్కడా రాయకుండా పడుకున్నాడు. తెల్లవారేసరికి అది వాడికే గుర్తులేదు.

నన్ను అడగడానికి అభిమానం అడ్డొచ్చి, డబ్బాను ద్వారకానగర్‌లో ఒక రిపేరు దుకాణానికి మోసుకుపోయాడు. అక్కడి కుర్రాడు ఏమీ అడగకుండా డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి, అంటే ఉన్నదంతా తుడిచేసి, మళ్లీ విండోస్ వేసి ఇచ్చాడు. మీ నాయనమ్మ చివరి ఏడాది ఫోటోలన్నీ అందులోనే ఉండేవి; సింహాచలం మెట్ల మీద నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నది కూడా. నా కోపం ఇప్పటికీ తీరకపోవడానికి కారణం, అంత నష్టం జరగవలసిన అవసరమే లేకపోవడం. అది విండోస్ ఎక్స్‌పీ హోమ్. మరమ్మతుల కోసం ఉండే సేఫ్ మోడ్‌లో తెరిస్తే అడ్మినిస్ట్రేటర్ అనే ఇంకో ఖాతా కనబడేది, చాలా ఇళ్లలో దానికి పాస్‌వర్డే ఉండేది కాదు. అందులోంచి వెళ్లి కొత్త పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. అదీ కుదరకపోతే డిస్కును ఊడదీసి మరో కంప్యూటరుకు తగిలించి ఫోటోలు తీసుకోవచ్చు. తమ్ముణ్ణి ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు; నిన్ను మాత్రం ఏమీ అనవద్దని అందరికీ చెప్పాడు.

అప్పటి దొడ్డిదారులు నీ లాప్‌టాప్‌లో ఉండవు, అదే నా బెంగ. ఇప్పటివాటిలో చాలావరకు మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించగానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే అందులోవన్నీ తాళంచెవి లేనిదే చదవలేని రహస్య లిపిలోకి మారిపోతాయి. ఆ తర్వాత దాన్ని ఊడదీసి ఎక్కడ తగిలించినా, బిట్‌లాకర్ రికవరీ కీ అనే 48 అంకెల తాళంచెవి లేనిదే ఒక్క ఫోటో కూడా బయటికి రాదు. దొంగల విషయంలో అది మంచిదే, మతిమరుపు విషయంలో మాత్రం కాదు. ఆ కీ నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది కనుక, ఆ ఖాతాకు ఇచ్చిన మొబైలు నంబరు నువ్వు ఇప్పుడు వాడుతున్నదేనా అని ఈ రోజే చూసుకో. మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా ఆ ఒక్క కంప్యూటరుకే పరిమితమైన లోకల్ ఖాతా పెట్టుకుంటే విండోస్ మూడు భద్రతా ప్రశ్నలు అడుగుతుంది. మొదటి పెంపుడు జంతువు పేరు, పుట్టిన ఊరు వంటివి నీ పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు కనుక, వాటికి నిజమైన జవాబులు ఇవ్వనక్కరలేదు.

పాస్‌వర్డును, ఆ 48 అంకెలను కాగితం మీద రాసి బీరువా లాకరులో పెట్టు. అంతా నెట్‌లోనే ఉంటుంది కదా అంటావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఈ విశాఖలో కరెంటూ, ఫోన్లూ లేక ఎలా గడిచిందో నువ్వూ చూశావు. ఫోటోలన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కూడా ఎక్కించి, పని కాగానే దాని వైరు తీసి పక్కన పెట్టు.

ఆ కాగితానికి నకలు ఒకటి కవరులో పెట్టి అంటించి, చందనోత్సవానికి వచ్చినప్పుడు నాకు ఇవ్వు. మా బీరువాలో ఉంచుతాను, విప్పి చూడను. పాస్‌వర్డు మార్చినప్పుడల్లా కొత్త కవరు ఇచ్చి పాతది పట్టుకుపో.

ఇట్లు,
మీ పెదనాన్న