ఉద్యోగం మానేస్తానన్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం, దానితో పాటు పంపిన రెండు కథలు మొన్న శుక్రవారం అందాయి. కథల గురించి చివర్లో రాస్తాను. ముందు ఉత్తరం సంగతి. వచ్చే నెల రాజీనామా ఇచ్చేసి, దాచుకున్న డబ్బులతో రెండేళ్లు ఇంట్లో కూర్చుని నవల రాస్తానన్నావు. "ఆఫీసు నన్ను పిండేస్తోందండీ, ఇంటికొచ్చేసరికి రాయడానికి నాలో ఏమీ మిగలడం లేదు" అన్నావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ముప్పై ఏళ్ల కిందట సబ్ ట్రెజరీ నుంచి ఇంటికొచ్చి మా ఆయనతో నేనన్న మాట కూడా అదే.

నీలాంటి ఉత్తరమే రెండు వందల ఏళ్ల కిందట ఒకటి లండన్‌కి వెళ్లింది. రాసినాయన పేరు బెర్నార్డ్ బార్టన్. ఇంగ్లండ్ తూర్పున వుడ్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో బ్యాంకు గుమాస్తా. కవితలు అచ్చయి కాస్త పేరొచ్చింది. బ్యాంకు మానేసి కలం మీద బతుకుదామా అని, తనలాగే ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ రాసే చార్లెస్ లాంబ్‌ని సలహా అడిగాడు. 1823 జనవరి 9న లాంబ్ రాసిన జవాబు చదివితే, ఎదుటివాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టే ఉంటుంది. పుస్తకాల వ్యాపారులు ఎప్పుడైనా ఇచ్చే పనిని నమ్ముకుని లోకం మీద పడతావా? దానికంటే రోమ్‌లోని టార్పియా కొండ మీంచి ఇనుప మేకుల మీదకి దూకెయ్యి అన్నాడు. పాఠకుల్ని నమ్ముకోకు, నువ్వు ఉరేసుకున్నా, మునిగిపోయినా, పస్తులున్నా వాళ్లకి పట్టదన్నాడు. నువ్వు బ్యాంకుని అంటిపెట్టుకుని ఉండు, బ్యాంకు నిన్ను చూసుకుంటుంది అన్నాడు. ఇన్నాళ్లూ తన ఉద్యోగాన్ని తను తిట్టుకున్న తిట్లన్నీ ప్రేమికుల పోట్లాటల్లాంటివని, సగం మనసుతో అన్నవేనని ఒప్పుకుని, తన ఆఫీసు బల్లని తలుచుకుని, ఎండిన కట్టెవైనా నన్ను బతికిస్తున్నది నువ్వే అని రాశాడు.

బార్టన్ ఆ మాట విన్నాడు. 1849లో పోయేదాకా ఆ బ్యాంకులోనే పనిచేశాడు.

లాంబ్ ఎవరో నీకు గుర్తుండే ఉంటుంది. షేక్స్‌పియర్ నాటకాల్ని పిల్లల కోసం కథలుగా రాసిన మనిషి. మా రోజుల్లో ఆ పుస్తకం నాన్‌డిటైల్డ్‌గా ఉండేది, నేను అలాగే చదివాను. 1807లో వచ్చింది. ఇరవై కథలు. అందులో పద్నాలుగు రాసింది ఆయన అక్క మేరీ. మొదట అచ్చయినప్పుడు పుస్తకం మీద ఆవిడ పేరే లేదు. ఈ విషయం నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది. ఆ వేళ స్కూల్లో ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ అక్క సంగతి తెలియకపోతే ఆయన ఉద్యోగం సంగతి అర్థం కాదు. లాంబ్ 1775లో లండన్‌లో పుట్టాడు. తండ్రి ఒక లాయరు దగ్గర నౌకరూ గుమాస్తా రెండూ. తర్వాత పెద్ద కవి అయిన కోల్‌రిడ్జ్ స్కూల్లో ఆయన స్నేహితుడు. కోల్‌రిడ్జ్ కేంబ్రిడ్జ్‌కి వెళ్లాడు, నత్తి ఉన్న లాంబ్‌కి ఆ దారి మూసుకుపోయింది. 1792లో, పదిహేడేళ్లకే, లెడన్‌హాల్ వీధిలో ఈస్టిండియా కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో చేరాడు. అవును, మన మచిలీపట్నంలో 1611లో కోఠీ పెట్టిన కంపెనీయే. నీలిమందు, ముడిపట్టు, నూలు బట్టల తానుల లెక్కలు ఆయన రాసేవాడు. ఆయన అక్కడ పనిచేస్తుండగానే, అదే కంపెనీ ఉద్యోగిగా 1817లో మద్రాసులో దిగిన కుర్రాడు మన సీపీ బ్రౌన్. ఆయనా కచేరీ పని చేసుకుంటూనే మన తాళపత్రాల్ని కాపాడాడు.

1796 సెప్టెంబరు 22. లాంబ్‌కి ఇరవై ఒకటి. మేరీ కుట్టుపని చేసి ఇంటిని లాక్కొస్తోంది. పగలంతా సూదీ దారం, రాత్రంతా మంచాన పడ్డ తల్లికి సేవ. ఆ రోజు భోజనాల వేళ ఆవిడకి మతి చలించింది. చేతిలో ఉన్న కత్తి తల్లి గుండెల్లో దిగింది. ఆ కత్తిని అక్క చేతిలోంచి లాక్కోవడానికి మాత్రమే తను అందుకోగలిగానని లాంబ్ కోల్‌రిడ్జ్‌కి రాశాడు. అంతకు ముందు శీతకాలంలో తను కూడా ఆరు వారాలు పిచ్చాసుపత్రిలో ఉండి వచ్చినవాడే.

అన్నయ్య మేరీని జీవితాంతం ఆసుపత్రిలోనే ఉంచేద్దామన్నాడు. లాంబ్ ఒప్పుకోలేదు. అక్క బాధ్యత నాదని పూచీ పడి బయటికి తెచ్చాడు. 1799లో తండ్రి పోయాక తన ఇంటికే తెచ్చుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టేది. వచ్చే ముందు మేరీకే తెలిసిపోయేది. అప్పుడు ఇద్దరూ కలిసి ఆసుపత్రికి నడిచి వెళ్లేవారు. ఒకసారి పొలాల గట్టున అలా చేతిలో చెయ్యి వేసుకుని ఏడుస్తూ వెళ్తుండగా చూశానని ఒక స్నేహితుడు చెప్పాడు. ఊరు ప్రయాణమైతే, ఆవిడ చేతులు కట్టెయ్యడానికి వాడే చొక్కాని కూడా సామాన్లలో సర్దుకునేవారు.

ఆ ఆసుపత్రి ఖర్చు, ఆ ఇంటి అద్దె, మేరీ తన ఇంట్లో తన కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకునే ఆ మామూలు సాయంత్రాలు, అన్నీ లెడన్‌హాల్ జీతంలోంచే వచ్చాయి. నీ ఉత్తరంలో చెల్లి ఫీజుల గురించి ఒకే ఒక్క లైను రాసి దాటేశావు. దాటెయ్యకు. నెల జీతం ఆగిపోయిన ఇంట్లో రాసేవాళ్ల చెయ్యి ఎలా వణుకుతుందో నాకు తెలుసు. ఆ టెన్షన్‌లో వాక్యం ముందుకు నడవదు.

ఇక రాత గురించి. లాంబ్ నాటకం రాశాడు. 1806 డిసెంబరులో డ్రూరీ లేన్ థియేటర్లో ఆడింది ఒక్క రాత్రే, జనం ఈలలేసి దింపేశారు. కవితలు రాశాడు, చిన్న నవల రాశాడు. ఏదీ ఆయన్ని నిలబెట్టలేదు. తన గొంతు తనకి దొరికింది నలభై అయిదో ఏట. 1820 ఆగస్టులో లండన్ మ్యాగజైన్‌లో ఎలియా అనే మారుపేరుతో మొదటి వ్యాసం వచ్చింది. దేని గురించి అనుకున్నావ్? ఒక ఆఫీసు గురించి. కుర్రతనంలో కొన్ని నెలలు పనిచేసిన సౌత్ సీ హౌస్ గురించి, అక్కడి ముసలి గుమాస్తాల గురించి. అందులో ఒక అకౌంటెంట్ ఉంటాడు. లోకంలో అకౌంటెంట్‌ని మించిన మనిషి లేడని, అకౌంటెంట్లలో తనని మించినవాడు లేడని ఆయన నమ్మకం. అలాంటివాడు సాయంత్రం ఇంటికెళ్లి ఫిడేలు వాయించుకుంటాడు. ఆ నాలుగు వాక్యాలు చదివాక మా పాత హెడ్ అకౌంటెంట్ గారు నా కళ్లకి కట్టారు. ఆ ఎలియా అన్న పేరు కూడా ఆ ఆఫీసులో పనిచేసిన ఒక ఇటాలియన్ గుమాస్తాదే.

ఇంకోచోట రాస్తాడు: పొద్దంతా అంకెల గతుకుల్లో ఈడ్చుకుంటూ నడిచిన కలం, రాత్రి పూట వ్యాసం దొరికితే పూల తివాచీ మీద గంతులేస్తుందని. ఆఫీసు చిత్తుకాగితాలే రచయితకి పెట్టుబడి అని కూడా అన్నాడు. ఈ మాట నేను చేసి చూశాను. మా ఆఫీసులో పాత చలాన్ల వెనక వైపు ఖాళీగా ఉండేది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో పెన్షనర్ల క్యూ వరండా దాటి మెట్ల దాకా ఉండేది. ఒకసారి ఒక ముసలమ్మ వచ్చింది. సంతకం రాదు. బొటనవేలు స్టాంపు ప్యాడ్ మీద అద్ది కాగితం మీద నొక్కించాను. గీతలు పడలేదు, నల్లటి మచ్చ పడిందంతే. మళ్లీ నొక్కించాను. మళ్లీ మచ్చే. అంట్లు తోమీ, పిడకలు కొట్టీ ఆ వేలు నున్నగా అరిగిపోయింది. "నా వేలు నాది కాదంటారా అమ్మా?" అని అడిగింది. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండా ఆ మాటని చలాన్ వెనక రాసుకున్నాను. నాది అని చెప్పుకోదగ్గ మొదటి కథ ఆ చలాన్‌లోంచి వచ్చింది. ఇంట్లో కూర్చుని ఉంటే ఆవిడ నా ఇంటికి వచ్చేది కాదు.

అక్కాతమ్ముళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని షేక్స్‌పియర్ కథలు రాసిన రోజుల గురించి మేరీ ఒక స్నేహితురాలికి రాసింది. నేను నశ్యం పీలుస్తుంటాను, వాడు ఇది నా వల్ల కాదని మూలుగుతుంటాడు, పూర్తయ్యేదాకా అలాగే అంటాడు, పూర్తయ్యాక చూసుకుంటే ఏదో కుదిరిందని తెలుస్తుంది అని. నువ్వు "ఏమీ మిగలడం లేదు" అన్నది కూడా ఈ మూలుగే అని నా అనుమానం. మూలుగు, కానీ బల్ల దగ్గరే కూర్చుని మూలుగు. అరగంట చాలు.

లాంబ్ ఉద్యోగాన్ని అచ్చంగా ప్రేమించాడని చెబితే అబద్ధం అవుతుంది. ముప్పై ఏళ్లయినా ఆ కాడికి నా మెడ అలవాటు పడలేదని కవి వర్డ్స్‌వర్త్‌కి రాసుకున్నాడు. 1825 మార్చి 29న, ముప్పై మూడేళ్లు నిండవస్తుండగా, కంపెనీ ఆయన్ని పెన్షన్ మీద పంపించింది. ఏడాదికి 450 పౌన్లు. తన తర్వాత మేరీకి ఆధారం ఉండాలని అందులో 9 పౌన్లు కోతకి ఒప్పుకుని, 441 తీసుకున్నాడు. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు వేలకొద్దీ చూసినదాన్ని, ఆ తొమ్మిది పౌన్ల దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఆయన 1834లో పోతే, ఆవిడ మరో పన్నెండేళ్లకి పైగా బతికింది.

స్వేచ్ఛ వచ్చాక ఎలా ఉందో కూడా ఆయన దాచుకోలేదు, ఆ ఏడాదే వ్యాసంగా రాశాడు. మొదటి రోజుల్లో చెరలోంచి హఠాత్తుగా వదిలేసిన ఖైదీలా ఉందన్నాడు. ఏ రోజు ఏ వారమో తెలియకుండా పోయిందన్నాడు. ఒకసారి పాత ఆఫీసుకి వెళ్లి చూస్తే తన బల్ల, తను టోపీ తగిలించే కొక్కెం ఇంకొకరివి అయిపోయాయి. నా మట్టుకు నాకు ఆయన గొప్ప వ్యాసాల్లో ఎక్కువ భాగం ఆ బల్ల దగ్గర కూర్చున్న ఏళ్లలోవే అనిపిస్తుంది.

నీ ఆఫీసు నీ ఆరోగ్యాన్ని తినేస్తుంటే వేరే ఉద్యోగం చూసుకో. నైట్ షిఫ్ట్ లేనిది వెతుక్కో. అందులో తప్పేం లేదు. జీతం లేని రెండేళ్లని మాత్రం నవల మీద అప్పుగా పెట్టకు. మొదటి నవల ఆ బరువు మొయ్యలేదు.

ఇప్పుడు కథలు. మొదటిది, అమ్మమ్మ ఊరి కథ, పక్కన పెట్టెయ్యి. ఆ మంచు, ఆ ముగ్గు, ఆ గుడి గంట నువ్వు చదివిన కథల్లోంచి వచ్చాయి, నీ కళ్లు చూసినవి కావు. రెండోది, తెల్లవారుజామున మూడింటికి క్యాబ్‌లో ఇంటికెళ్లే కథ, నీది. అందులో మూడో పేజీలో డ్రైవర్ సిగ్నల్ దగ్గర ఆగి, రోడ్డు మీద ఒక్క బండీ లేకపోయినా పచ్చ లైటు పడేదాకా కదలకుండా కూర్చుంటాడే, ఆ ఆరు వాక్యాలు నేను మూడుసార్లు చదివాను. కథ అక్కడ మొదలవుతోంది. ముందున్న రెండు పేజీలు తీసెయ్యి. ఆ తర్వాత అతని ఒంటరితనం గురించి నువ్వు రాసిన పేరా కూడా తీసెయ్యి. లాంబ్ తన వ్యాసాల్లో 1796ని ఎక్కడా నేరుగా రాయలేదు. అక్కని బ్రిడ్జెట్ అనే కజిన్‌ని చేసి, డబ్బుల్లేని రోజుల్లో శనివారం రాత్రి పది గంటలకి ఒక పాత పుస్తకం కొనుక్కొచ్చిన సంగతి, దాని కోసం అరిగిన గోధుమరంగు సూటునే ఇంకో నాలుగైదు వారాలు తొడుక్కున్న సంగతి ఆవిడ నోట చెప్పించాడు. ఆ సూటులో అంతా ఉంది.

ఇంకొకటి. డ్రైవర్ డ్యాష్‌బోర్డ్ మీద స్టీలు టిఫిన్ డబ్బా ఉందని రాశావు, మూత తెరవలేదని రాశావు. అందులో ఏముంది? తెల్లారేదాకా ఎందుకు తెరవలేదు? నీకు తెలియకపోతే ఈసారి క్యాబ్ ఎక్కినప్పుడు అడుగు. అడిగి, కథ మళ్లీ రాసి పంపు. పండక్కి మా అబ్బాయి వస్తాడు, నాకు తీరిక ఉండదు. ఆ లోపు పంపితే వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్యగారి స్నేహితురాలు