ఒక్క నామం తడబడితే మళ్లీ మొదటి నుంచీ... ఇది భక్తేనా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఒక మెయిల్ పంపాలంటే ఆరేడుసార్లు చదువుతాను. పంపాక కూడా సెంట్ ఫోల్డర్ తెరిచి చూస్తాను. రాత్రి 2 దాటినా నిద్ర పట్టదు, గుండె దడగా ఉంటుంది. మనశ్శాంతి కోసం ఆర్నెల్లుగా విష్ణు సహస్రనామం చదువుతున్నాను. ఒక్క నామం తడబడినా మళ్లీ మొదటి నుంచీ మొదలుపెడతాను. దాంతో గంటన్నర పడుతోంది. అమ్మ గుడికి వెళ్లమంటోంది, స్నేహితురాలు సైకియాట్రిస్టును కలవమంటోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినండి. కాకపోతే ముందు ఒక విషయం గమనించండి. అరగంటలో అయ్యే పారాయణకు మీకు గంటన్నర పడుతోందంటే, అది కూడా ఆఫీసు మెయిల్ లాగే తయారైంది. రెండు చోట్లా జరుగుతున్నది ఒకటే. అనుమానం వస్తుంది, మళ్లీ చూసుకుంటారు, కాసేపు ప్రాణం తేలికపడుతుంది. ‘చూసుకున్నాను కాబట్టే గండం గడిచింది’ అని మెదడు నేర్చుకుంటుంది. అందుకే మర్నాడు అనుమానం ఇంకాస్త త్వరగా వస్తుంది.

సహస్రనామం చివర ‘యదక్షర పదభ్రష్టం’ అని మొదలయ్యే శ్లోకం మీరు రోజూ చదువుతూనే ఉంటారు. అక్షరం జారినా, మాత్ర తగ్గినా క్షమించు నారాయణా అని దాని అర్థం. చదివేవాళ్లు తడబడతారని పెద్దలకు తెలుసు, అందుకే ఆ ప్రార్థన అక్కడ ఉంచారు. రేపటి నుంచి నోరు తిరగని చోట ఆగకుండా ముందుకు వెళ్లండి, ఆ శ్లోకంతో ముగించి లేచిపోండి. మనసు పీకుతుంది, పీకనివ్వండి. వీలైతే వారానికి ఒకరోజు దగ్గర్లోని గుడిలో సామూహిక పారాయణకు వెళ్లండి. నలుగురితో కలిసి చదివేటప్పుడు వెనక్కి వెళ్లడం కుదరదు, పైగా పీజీ గదిలో లేని తోడు అక్కడ దొరుకుతుంది. ‘తప్పు చదివితే దోషమా?’ అని పూజారిగారిని అడగాలనిపిస్తే ఒక్కసారే అడగండి. రోజూ అడిగితే అదీ చెకింగే.

మెయిల్స్ విషయంలో చిన్నవాటితో మొదలుపెట్టండి. మీ టీమ్‌లోవాళ్లకు రాసేవి ఒక్కసారే చదివి పంపండి, అరగంట వరకూ సెంట్ ఫోల్డర్ తెరవద్దు. పంపగానే గుబులు పదికి ఎంత ఉందో కాగితం మీద రాయండి. 10 నిమిషాలకోసారి మళ్లీ రాయండి. 8 దగ్గర మొదలైంది ఏమీ చేయకుండానే 4కో 3కో దిగడం మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. మొదట్లో అంత తొందరగా దిగకపోవచ్చు, కంగారుపడొద్దు. రెండు వారాలు గడిచాక ఒక మెయిల్‌లో కావాలనే ఒక కామా వదిలేసి పంపండి. క్లయింట్ మెయిల్స్ జోలికి చివర్లో వెళ్లండి, వాటిని రెండుసార్లు చదవొచ్చు.

చాలామందికి ఇక్కడే బెడిసికొడుతుంది. తాము చూడటం మానేసి, ‘ఇది సరిగ్గానే ఉందా?’ అని పక్క సీటువాళ్లను అడుగుతారు. లేదా రాత్రి అమ్మకు ఫోన్ చేసి ‘ఏం కాదులే’ అనిపించుకుంటారు. అమ్మ ప్రేమతోనే అంటారు, కానీ మీ జబ్బుకు అది మేతవుతుంది. అమ్మతో ముందే మాట్లాడుకోండి. మీరు అడిగినప్పుడు ఆమె ‘భయంగా ఉంది కదా తల్లీ, కాసేపు నాతో మాట్లాడుతూ ఉండు’ అంటే చాలు, తప్పొప్పులు తేల్చనక్కర్లేదు.

మధ్యాహ్నం 2 తర్వాత కాఫీ వద్దు. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేవండి.

ఇక డాక్టర్ సంగతి. దడ ఉంది కాబట్టి థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తగ్గినా గుండె ఇలాగే కొట్టుకుంటుంది. రోజుకు గంటకు మించి ఇలా తిరిగి చేయడం ఓసీడీ (అనుమానం వదలక చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) కూడా కావచ్చు. ఉత్తరం చూసి తేల్చేది కాదు, సైకియాట్రిస్టు ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. బెంగళూరు హోసూరు రోడ్డులోని ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో చూపించుకోవచ్చు. పైన చెప్పిన సాధననే సీబీటీలో (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స) థెరపిస్టు దగ్గరుండి చేయిస్తారు, సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు పడతాయి. మందులు రాస్తే మొదటి వారం, పది రోజులు వికారం, చికాకు ఉండొచ్చు. గుణం కనిపించడానికి ఆందోళనకైతే 2 నుంచి 6 వారాలు, ఓసీడీకైతే 8 నుంచి 12 వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని ‘పనిచేయట్లేదు’ అని మానేయకండి, తగ్గాక కూడా డాక్టర్‌కు చెప్పకుండా ఆపకండి. నిద్ర కోసం ఎవరో ఇచ్చిన ఆల్ప్రజోలం మాత్రం ముట్టుకోవద్దు, అలవాటైపోతుంది.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు, అమ్మనో స్నేహితురాలినో వెంటబెట్టుకుని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.