ఎక్సోసోమ్ ఇంజెక్షన్ల కోసం కీమో ఆపకండి

అమ్మగారికి మూడో దశ అండాశయ క్యాన్సర్ అని, కీమో మధ్యలో మానేసి ఎక్సోసోమ్ ఇంజెక్షన్లు వేయించమని బంధువులు అంటున్నారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి.

ఎక్సోసోమ్‌లంటే కణాలు బయటికి వదిలే సన్నటి సంచులు, సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. క్యాన్సర్ కణాలూ వీటిని వదులుతాయి. వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు (జన్యువుల పనిని అదుపుచేసే చిన్న అణువులు), ప్రోటీన్లు పక్క కణాలకు చేరి, జబ్బు కడుపంతా పాకడానికి, సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులకు లొంగకపోవడానికి తోడ్పడతాయి. వాటినే రక్తంలో పట్టుకుని జబ్బును ముందే గుర్తించాలని 2008 నుంచీ పరిశోధనలు వస్తున్నాయి. ఈ క్యాన్సర్‌కు ఇప్పుడు రక్తపరీక్షలో చూసే సీఏ-125 అనే ప్రోటీన్ తొలి దశలో చాలామందికి పెరగదు, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే, క్యాన్సర్ కాని జబ్బు) ఉన్నా పెరుగుతుంది. అందుకే కొత్త పరీక్ష నిజంగా కావాలి. కానీ ఇదింకా మామూలు వైద్యంలోకి రాలేదు.

చికిత్సగా అయితే మరీ తొలి అడుగులే. తాము ఆమోదించిన ఎక్సోసోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులోనే హెచ్చరించింది.

ఆ డబ్బు అలా ఉంచి, బీఆర్‌సీఏ (మార్పు వస్తే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువులు) పరీక్ష అయిందా అని ఆంకాలజిస్టును అడగండి. అందులో మార్పు ఉండి, కీమో బాగా పనిచేస్తే, ఆ తర్వాత ఓలాపారిబ్ మాత్రలు జబ్బు తిరగబెట్టకుండా చాలాకాలం ఆపగలవు. ఆ మార్పు తల్లి నుంచి పిల్లలకు రావచ్చు కాబట్టి, ఆ రిపోర్టు మీకూ, మీ అక్కచెల్లెళ్లకూ కూడా అవసరమే.