పెద్దకూర ఎంత మెత్తగా వస్తుందో వండకముందే డేటాతో చెప్పొచ్చా?

మీరు అడిగింది ఇది: వరంగల్‌లో కొన్ని షాపులు, హోటళ్లు కలిసి వివరాలు పోగేస్తే పెద్దకూర తినడానికి ఎలా ఉంటుందో ముందే అంచనా వేయొచ్చా? మాంసం మెత్తదనానికి మార్కులు వేసే ఆస్ట్రేలియా వాళ్ల లెక్క ఇక్కడ పనికొస్తుందా?

అంచనా వేయొచ్చు. కాకపోతే “ఈ పశువు కూర బాగుంటుందా” అని అడిగితే జవాబు దొరకదు. “దీని రాన్ (తొడ) ఫ్రై చేస్తే ఎలా ఉంటుంది, బోంగ్ (కాలి పిక్క) షోర్వా పెడితే ఎలా ఉంటుంది” అని అడగాలి. నేను హనుమకొండలో క్యాటరింగ్ చేస్తాను. కాజీపేటలో, జనగామలో ఇదే పని చేసే ఇద్దరితో కలిసి ఒకే షీట్‌లో వివరాలు రాసుకుంటున్నాం. ఒకే బర్రెలో అండర్‌కట్‌కీ (నడుము లోపలి మెత్తని కండ) బోంగ్‌కీ ఉన్నంత తేడా, రెండు బర్రెల అండర్‌కట్‌ల మధ్య మాకు ఎప్పుడూ కనపడలేదు.

ఆస్ట్రేలియాలో మీట్ స్టాండర్డ్స్ ఆస్ట్రేలియా అనే మాంసం గ్రేడింగ్ పద్ధతి 1990ల చివర్లో మొదలైంది. అందులో నాకు బాగా నచ్చింది, రుచి చెప్పే పని నిపుణులకు కాకుండా మామూలు తినేవాళ్లకు ఇవ్వడం. ఒక్కొక్కరికి 7 ముక్కలు పెడతారు. మొదటిది అందరికీ ఒకే రకం, నోరు అలవాటు పడటానికి. మెత్తదనం, రసం, రుచి, మొత్తంగా ఎంత నచ్చిందీ, వీటికి 0 నుంచి 100 లోపు మార్కులు వేయిస్తారు. ఒక్కో భాగం మాంసాన్ని 10 మంది తింటారు. పైన రెండు, కింద రెండు మార్కులు తీసేసి మిగిలిన వాటి సగటు కడతారు. ఆ మార్కును పశువు వయసు, కొవ్వు, పీహెచ్ (మాంసంలో ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత), కోశాక వేలాడదీసిన తీరు, నిల్వ ఉంచిన రోజులు, వండిన విధానంతో ముడిపెడతారు. ఫ్రాన్స్, పోలండ్, ఐర్లండ్‌లలో కూడా ఇదే పద్ధతిలో తినిపించి చూశారు కాబట్టే ఆ దేశాల లెక్కలు ఒకదానితో ఒకటి కలుస్తాయి.

వాళ్ల సూత్రాన్ని మాత్రం ఉన్నదున్నట్టు తెచ్చుకోకండి. అది ఆవు జాతి పశువుల మీద కట్టింది. 1977 చట్టం ప్రకారం మన దగ్గర గోవధ నిషేధం, షాపుల్లో ఎక్కువగా దొరికేది బర్రె, దున్న మాంసం. అక్కడ కనీసం 5 రోజులు నిల్వ ఉంచుతారు. ఇక్కడ తెల్లవారుజామున కోసింది మధ్యాహ్నానికి గిన్నెలో పడుతుంది. కండ బిగుసుకున్న సమయంలో వండితే లేత పశువు కూర కూడా గట్టిగానే వస్తుంది. వాళ్లకు పెద్దగా అక్కర్లేని “కోసి ఎన్ని గంటలైంది” అన్న వివరం మనకు అన్నిటికంటే ముఖ్యం. మా షీట్‌లో ఫ్రై బాగా రావడానికి, రాకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం అదే. షోర్వాకు అంత తేడా కనపడదు. చాలాసేపు ఉడికితే గట్టి పీచు కరిగి జిగురవుతుంది కదా.

వయసుకు పళ్లు చూసి రాయించండి: రెండు పళ్లా, నాలుగా, నోరు నిండిందా (పళ్లన్నీ వచ్చేశాయా). ఈ మాట షాపు భాయ్‌లు నిమిషంలో చెప్పేస్తారు. పచ్చిబొప్పాయి వేస్తే తప్పకుండా రాయాలి, లేకపోతే ముసలి దున్న కూడా లేతదిగా లెక్కలోకి వచ్చేస్తుంది. పశువు లారీలో ఎంతసేపు ప్రయాణం చేసిందో తెలిస్తే అదీ రాయండి. అలసిపోయిన, బెదిరిన పశువు కండలో శక్తి నిల్వ తగ్గి పీహెచ్ సరిగా దిగదు, మాంసం నల్లగా, జిగటగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో పీహెచ్ 5.7 దాటితే ఆ పద్ధతిలో గ్రేడే ఇవ్వరు.

అసలు కష్టం మనుషుల దగ్గర ఉంది. జనగామలో “మెత్తగుంది” అన్నది, కాజీపేటలో అన్నది ఒకటి కాదు. అందుకే ఒకే షాపులో ఒకే రాన్ తీసుకుని మూడు చోట్లకూ పంపి, ఒకే తీరులో వండి మార్కులు వేయిస్తాం. ఎవరి చెయ్యి ఉదారమో, ఎవరిది గట్టిదో దాంతో తెలుస్తుంది. ఇది లేకుండా షీట్లు కలపొద్దు, దయచేసి.

షాపువాళ్లకు ఇంకో భయం ఉంటుంది: తక్కువ మార్కు వస్తే పేరు పోతుందని. ఆ భయం న్యాయమైనదే, వాళ్ల పొట్టకూటి విషయం. షాపు పేరుకు బదులు నంబర్ రాయండి, కలిసిన లెక్క అందరికీ చూపించండి. తమ వివరాలు ఇచ్చి తిరిగి ఏమీ పొందకపోతే రెండో నెలకే ఎవరూ రాయరు. బాగా వచ్చిన రోజు కూడా రాయించాలి; ఫిర్యాదు వచ్చిన రోజు మాత్రమే రాస్తే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

మొదట అండర్‌కట్, రాన్ రెండింటితోనే మొదలుపెట్టండి, ఫ్రై ఒక్కటే వండండి. కొంత పోగయ్యాక ఒక షాపు వివరాలు పక్కన పెట్టి, మిగతావాటితో దాని మార్కులు అంచనా వేసి చూడండి. దగ్గరగా వస్తే బోంగ్‌కు వెళ్లొచ్చు. రాకపోతే ముందు గంటల కాలమ్ సరిగ్గా నింపుతున్నారో లేదో చూడండి. హైదరాబాద్ దగ్గర చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, పీహెచ్ కొలవడం గురించి అక్కడ అడిగి చూడండి. షీట్ నమూనా కావాలంటే కింద రాయండి, పెడతాను.