ఇంట్లో కూడా సారేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. సాగర్ నీళ్లు రాకముందు మా మామగారి తండ్రి ఎకరం పది గుంటల చెలక ఇస్తే అందులో హైస్కూలు కట్టారు. మామగారు అక్కడే లెక్కల సార్‌గా చేసి, హెడ్మాస్టర్‌గా రిటైరయ్యారు. మా ఆయన, ఆడబిడ్డ అక్కడే చదివారు. ఈ జూన్‌లో మా బాబు ఆరో తరగతికి వస్తున్నాడు. నాలుగో తరం కూడా ఆ బడికే పోవాలని మామగారి పట్టు. ‘ఆ భూమి ధర ఇయ్యాల ఎంతో తెలుసా? మన పిల్లగాడే పోకపోతే ఎందుకిచ్చినట్టు?’ అంటారు. తెలుగు మీడియంలో వాడు ఏమైపోతాడోనని నాకు టెన్షన్. మిర్యాలగూడలో ప్రైవేటు స్కూల్లో వేయాలని ఉంది. మా ఆయనకు 38 ఏళ్లు. అడిగితే ‘సార్ చెప్పినట్టే కానీ’ అంటాడు. ఇంట్లో కూడా వాళ్ల నాయినను సార్ అనే పిలుస్తాడు. ఏడో తరగతిలో లెక్క రాలేదని అందరి ముందు బెత్తంతో కొట్టిన దగ్గర్నుంచి అట్లనే అలవాటైందని మా ఆడబిడ్డ చెప్పింది. నేను నోరెత్తితే ‘కోడలికి సర్కారు బడి అంటే చిన్నచూపు’ అంటున్నారు. బాబును ఏ స్కూల్లో వేయమంటారు?

జవాబు: అమ్మా, స్కూలు సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న విషయం. తెలుగు మీడియం అని మీ ఊరి బడిని తోసేయకండి. 2022-23లోనే సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు. ఒకసారి వెళ్లి చూడండి. లెక్కలకు, సైన్సుకు, ఇంగ్లిష్‌కు సార్లు ఉన్నారా, ఆరో తరగతిలో పిల్లలు ఎంతమంది, బాత్రూముల్లో నీళ్లు వస్తున్నాయా అడగండి. మిర్యాలగూడలోనూ అవే అడగండి, బస్సులో పోనూ రానూ ఎంతసేపు పడుతుందో కలుపుకోండి. ఏది నచ్చితే అందులో వేయండి. చదివే పిల్లవాడు రెండుచోట్లా చదువుతాడు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ‘సార్’ అన్న మాట దగ్గర. 38 ఏళ్ల మనిషి, ఒక బిడ్డ తండ్రి, పక్కన కూర్చుని అన్నం తింటూ కన్నతండ్రిని సార్ అంటున్నాడు. మన నల్గొండ ఇళ్లల్లో పిల్లలు నాయినా అనో బాపూ అనో కేకేస్తే నాలుగిళ్ల అవతలికి వినబడుతుంది. మీ ఇంట్లో ఆ పిలుపు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. మీరు దాన్ని అలవాటు అని ఒక్క వాక్యంలో రాసి దాటిపోయారు. నేను దాటలేకపోయాను.

మీ మామగారిని చెడ్డవాడు అనను. కొడుకును వెనకేసుకొస్తున్నాడని ఊరు అనకూడదని, మిగతా పిల్లల కంటే రెండు దెబ్బలు ఎక్కువే వేసి ఉంటారు. ఆ కాలంలో చాలామంది సార్లు తమ పిల్లల విషయంలో అట్లనే ఉన్నారు. పిల్లల్ని కొట్టకూడదన్న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చిందే 2010లో. కానీ దెబ్బలు తిన్న మిగతా పిల్లలు లాంగ్ బెల్ కొట్టగానే ఇంటికి ఉరికి వాళ్ల నాయినకు చెప్పుకుని ఏడ్చారు. మీ ఆయన ఎవరికి చెప్పుకోవాలి? ఇంటికొస్తే అక్కడా సారే.

అందుకే ఆయన ‘సార్ చెప్పినట్టే’ అంటే ఒప్పుకున్నట్టు అనుకోకండి, అది భయం. కొడుకును ఆ బడికి పంపడం ఆయనకు ఇష్టమో కాదో మీకే తెలియదు. తను అనాల్సిన మాట మీతో అనిపించి, తను పడాల్సిన నింద మీ మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఇక్కడ మాత్రం నాకు ఆయన మీద కోపం వచ్చింది. భార్యను ముందుకు తోసి వెనక నిలబడటం మర్యాద కాదు. మీరు కూడా ఇక ఆ వకాల్తా మానండి.

భూమి మాట. 1967లో సాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద ఎన్నో చెలకలు వరి మళ్లయ్యాయి, ధర పెరిగింది, నిజమే. కానీ ఆ పెద్దాయన ఇచ్చింది ఊరి పిల్లలకు. అప్పటిదాకా బడి మెట్టు ఎక్కని ఇళ్ల పిల్లలు అక్కడ చదువుకుని ఉంటారు. ఇచ్చిన ఫలం అప్పుడే దక్కింది. దానికి మనుమడి పిల్లవాణ్ని బాకీ కట్టమనడం దానానికి తగదు. అయితే మీ మామగారి బాధను పట్టు అని కొట్టిపారేయకండి. సార్ మనుమడే బస్సెక్కితే రేపు ఇంకో పదిమంది ఎక్కుతారు, తను బతుకంతా ధారపోసిన బడి ఖాళీ అవుతుందని ఆయన భయం. ఆ భయం న్యాయమైనదే. మీరు మహిళా సంఘంలో ఉంటే, బడి బాగోగులు చూసేందుకు 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీ బడికీ ఉంటుంది, అందులోకి వెళ్లండి. పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పమని మామగారిని మీరే అడగండి. బాబు ఎక్కడ చదివినా మీ కుటుంబం ఆ బడిని వదలలేదని ఆయనకు కనబడాలి.

జూన్‌లో బడులు తెరుస్తారు. ఈలోపు ఒక రాత్రి, స్కూలు ఊసెత్తకుండా, ఆ ఏడో తరగతి రోజు ఏం జరిగిందో మీ ఆయనను అడగండి. చెప్పనివ్వండి, మధ్యలో మామగారిని తిట్టకండి. తర్వాత ఆయనే వాళ్ల నాయన దగ్గరికి పోవాలి. అదే బడి అన్నా, వేరే బడి అన్నా సరే, ‘నాయినా, నా కొడుకు చదువు నేను చూసుకుంటా’ అని ఆయన నోటితో అనాలి. ఎన్నేళ్లకో వస్తున్న పిలుపు, మొదట గొంతు పెగలకపోవచ్చు. ఆ పూట మీరు బాబును తీసుకుని మీ అమ్మగారింటికి వెళ్లిపోండి. మీరు అక్కడే ఉంటే ఆయన మళ్లీ మీ మొహం వైపే చూస్తాడు.