ట్రౌట్ చేపల మీద పరిశోధన చేసేవాళ్లు ఏట్లో దిగి అసలేం చేస్తారు?

అమెరికాలోని మోంటానా సంగతి చెబుతాను. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర 8 మాత్రమే. వేడి పెరిగేకొద్దీ చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, దొరికేదేమో తక్కువ. చిక్కంతా అక్కడే.

అందుకే ఏటి అడుగున ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరాలు పెడతారు. నీళ్లలోకి కాస్త కరెంటు పంపి, సొమ్మసిల్లిన చేపను వలతో ఎత్తి, కొలిచి, ఒంట్లో బియ్యపు గింజంత ట్యాగు పెట్టి వదిలేస్తారు. ఏట్లో అమర్చిన యాంటెనా మీదుగా అది ఈదినప్పుడల్లా దాని నంబరు నమోదవుతుంది. ఎండలకి ఏ చల్లటి పాయలోకి ఎగబాకిందో అలా తెలుస్తుంది.

వరసగా 3 రోజులు నీళ్లు దాదాపు 23 డిగ్రీలకి చేరితే, అక్కడ చాలా నదుల్లో మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయనివ్వరు. నాకు ఇది ఎంతో అవసరమైన నిబంధన అనిపిస్తుంది: వేడికి అలసిన చేపను పట్టి వదిలినా బతకడం కష్టం.